మంచు కరిగాక కూడా గోల్ఫ్ కోర్సు ఎందుకు తెరవరు? కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని ఒహాయోలో మార్చి ఎండ కాస్త తగలగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. గోల్ఫ్ కోర్సులో గడ్డి చూసుకునే పని నాది. వారాంతాల్లో ఆడే మన తెలుగువాళ్లకు ఆ సంగతి తెలుసు. ఏటా అవే ప్రశ్నలు, అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

ముందొక మాట. స్నో, ఫ్రాస్ట్, ఐస్ మూడింటినీ మనం మంచు అనేస్తాం. సగం చిక్కు అక్కడే. స్నో పైనుంచి రాలేది, ఫ్రాస్ట్ రాత్రిపూట గడ్డి మీద తెల్లగా పేరుకునేది, ఐస్ గట్టి పలకలా గడ్డకట్టిన నీరు. గడ్డికి అవి మూడూ వేర్వేరు.

అపోహ: ఫోన్‌లో 36 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది, ఇంక ఫ్రాస్ట్ ఎక్కడిది?

ఆ 36 నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉన్న గాలిది. మబ్బూ గాలీ లేని రాత్రి గడ్డి తన వేడినంతా పైకి వదిలేసి, గాలి కంటే ఎక్కువ చల్లబడి, నీరు గడ్డకట్టే 32 కిందికి దిగిపోతుంది. గడ్డకట్టిన ఆకు మీద కాలు పడితే లోపలి కణాలు చిట్లిపోతాయి. అప్పటికి ఏమీ కనబడదు. ఒకట్రెండు రోజులకు బూటు ఆకారంలోనే మచ్చలు తేలతాయి. ఆ చలిలో కొత్త ఆకు తొందరగా రాదు, కాబట్టి మచ్చ చాలా రోజులు ఉండిపోతుంది. పైగా తెల్లవారాక కూడా కాసేపు ఫ్రాస్ట్ ముదురుతుంది. కోర్సు తెరవడానికి ‘ఇంకో అరగంట’ అని మేం మళ్లీ మళ్లీ అనేది అందుకే, మిమ్మల్ని సతాయించడానికి కాదు.

అపోహ: పైన ఆరింది కదా, ఆడొచ్చు.

ఈ సంగతి మా నాన్నకు చెబితే, "పదును రాకుండా చేలో అడుగు పెడతామా?" అన్నాడు. అంతే. పైన రెండంగుళాలు కరిగి మెత్తబడినా కింద నేల రాయిలాగే ఉంటుంది. నీరు దిగడానికి దారి ఉండదు. ఆ మెత్తటి పొర మీద నడిస్తే అది కింది గట్టి పొర మీద జారి వేళ్లు తెగుతాయి. నేను స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తాను. రెండంగుళాలు దిగి టక్కున ఆగిందంటే ఆ రోజుకు గ్రీన్ (బంతి పడే గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మూతే.

అపోహ: స్నో ఎక్కువ పడిన ఏడాది గడ్డి చస్తుంది.

స్నో గడ్డికి దుప్పటి లాంటిది. స్నో మోల్డ్ అనే తెగులు భయం ఉన్నా, దానికి చలికాలం ముందే మందు కొడతాం. అందులో గులాబీ రకానికి స్నో అక్కర్లేదు, చలీ తడీ చాలు.

అసలు శత్రువు ఐస్. గాలి ఆడకుండా మూసేస్తుంది. గ్రీన్ల మీద పెరిగే గడ్డి రకాల్లో బెంట్ గ్రాస్ మూడు నెలలైనా ఓర్చుకుంటుంది గానీ పోవా రకం రెండు నెలలకే చేతులెత్తేస్తుంది. అంతకంటే పెద్ద గండం ఫిబ్రవరి చివర కాసే ఎండ. అందరికీ సంబరం, నాకు టెన్షన్. వసంతం వచ్చేసిందనుకుని పోవా మేలుకుని, వేళ్లకు పైనుండే తన మొదలులోకి నీరు పీల్చుకుంటుంది. ఆ రాత్రే గట్టిగా గడ్డకడితే ఆ మొదలు చితికిపోతుంది. అందుకే ఆ రోజుల్లో గడ్డి బతికుందో లేదో చూడటానికి ఒక్కో గ్రీన్ నుంచి చిన్న ముక్క కోసి తెచ్చి వెచ్చటి కిటికీ దగ్గర పెడతాం. ఒక ఏడు ఒక ముక్క పది రోజులైనా చిగురించలేదు. ఆ గ్రీన్‌లో గడ్డి చచ్చిందని ఆటగాళ్లకు ఏప్రిల్‌లో తెలిసిన సంగతి మాకు మార్చి మొదట్లోనే తెలిసిపోయింది.

అపోహ: గ్రీన్లు కుదురుకునే వేళకు కావాలనే బెజ్జాలు పొడుస్తారు.

అవును, కావాలనే. మీ అడుగులకు, మా యంత్రాలకు నేల గట్టిపడి వేళ్లకు గాలి అందదు. మట్టి కడ్డీలు పెకలించి ఆ బెజ్జాల్లో ఇసుక నింపుతాం. గడ్డి ఎదిగే రోజుల్లో చేస్తే రెండు మూడు వారాల్లో పూడిపోతాయి. చలిలో చేస్తే అలాగే నోళ్లు తెరుచుకుని ఉంటాయి.

అపోహ: ఏప్రిల్‌లో ఆగస్టా అంత పచ్చగా ఉంటే, మనది ఎందుకు ఉండదు?

ఆగస్టా గోల్ఫ్ కోర్సులో ఏటా ఏప్రిల్‌లో జరిగే మాస్టర్స్ పోటీ టీవీలో చూసిన మర్నాడు ఈ ప్రశ్న తప్పదు. ఆగస్టా ఉన్నది మనకంటే వెచ్చగా ఉండే దక్షిణాది రాష్ట్రం జార్జియాలో. అక్కడి ఫెయిర్‌వేల్లో (బంతి కొట్టే చోటి నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి బాటల్లో) అసలు గడ్డి బెర్ముడా, అంటే మనం వినాయకుడికి పెట్టే గరిక జాతే. చలికి అది ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. టీవీలో కనిపించే పచ్చదనం దాని మీద శరదృతువులో చల్లిన రై గడ్డిది. గ్రీన్ల కింద తేమను లాగేసే గొట్టాలూ యంత్రాలూ ఉన్నాయి. పైగా మే చివర మూసేస్తే మళ్లీ అక్టోబరులోనే తెరుస్తారు. మన కోర్సు కూడా ఎండాకాలమంతా మూసేస్తానంటే మీరు ఒప్పుకుంటారా?