ఆయుష్షుకూ ఉద్యోగపు హోదాకూ మధ్య

లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాలుండే వీధి పేరు వైట్‌హాల్. 1967లో అక్కడి ఉద్యోగుల మీద మొదలైన అధ్యయనానికీ ఆ పేరే పెట్టారు. సుమారు 18 వేల మంది మగ ఉద్యోగులను పరీక్షించి, తర్వాత ఎవరు ఏ జబ్బుతో పోయారో ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చారు. వీళ్లలో తిండికి లేనివాళ్లెవరూ లేరు. అందరికీ నెల జీతం, అందరికీ ఉచిత ప్రభుత్వ వైద్యం. అయినా అట్టడుగు గ్రేడులోని మెసెంజర్లు, ద్వారపాలకుల్లో గుండెజబ్బు మరణాలు పై అధికారుల కంటే మూడు రెట్లకు పైనే. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ముప్పు పెరిగింది.

కింది గ్రేడుల వాళ్లు సిగరెట్లు ఎక్కువ కాలుస్తారు కాబట్టి అంతేనా? కొంతవరకు అంతే. కానీ సిగరెట్ ముట్టనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

1985లో ఆడవాళ్లను కూడా కలుపుకుని 10,308 మందితో రెండో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. 2010లో సిల్వియా స్ట్రింగినీ బృందం ఆ లెక్కలను కొత్తగా చూసింది. పొగ, మద్యం, తిండి, వ్యాయామం గురించి మొదట్లో ఒక్కసారి అడిగిన జవాబులే తీసుకుంటే, మరణాల్లోని తేడాలో 42 శాతం ఈ అలవాట్ల ఖాతాలోకి వెళ్లింది. 24 ఏళ్లలో నాలుగుసార్లు అడిగిన జవాబులన్నీ కలిపితే 72 శాతం! నలభై ఏళ్లప్పుడు ఉన్న అలవాటు యాభై ఐదేళ్లకు ఉండకపోవచ్చు, లేని అలవాటు రావచ్చు. ఒక్క ఫారం నింపించి వదిలేస్తే ఆ మార్పు దొరకదు. వ్యాయామం వాటా ఇలాగే 5 శాతం నుంచి 21కి పెరిగింది. పొగ వాటా మాత్రం 32 నుంచి 35కే కదిలింది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు: "చూశారా, తప్పంతా వాళ్ల అలవాట్లదే." ఆ మాట నేను ఒప్పుకోను. కారణం ఫ్రాన్స్‌లో ఉంది. అక్కడి ప్రభుత్వ విద్యుత్, గ్యాస్ సంస్థల ఉద్యోగులతో 1989లో మొదలైన గాజెల్ అధ్యయనాన్ని అదే బృందం 2011లో రెండో వైట్‌హాల్‌తో పోల్చి చూసింది. ఫ్రాన్స్‌లోనూ కింది ఉద్యోగులు ముందే చనిపోతున్నారు. పొగా మద్యమూ అక్కడా ప్రాణాలు తీస్తున్నాయి. కానీ ఈ కొత్త లెక్కలో, మరణాల తేడాలో అలవాట్ల వాటా బ్రిటన్‌లో 75 శాతం, ఫ్రాన్స్‌లో 19 శాతమే. ఎందుకంటే ఫ్రాన్స్‌లో చెడు అలవాట్లు పైవాళ్లకూ కిందివాళ్లకూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఒక అలవాటు ఎంత ప్రమాదకరమన్నది ఒక ప్రశ్న. అది ఏ వర్గంలో పోగుపడిందన్నది వేరే ప్రశ్న. వర్గాల మధ్య తేడాను నిర్ణయించేది ఈ రెండూ కలిసి.

అలా పోగుపడడం కూడా చరిత్రలో జరిగిన పనే. 1950ల బ్రిటన్‌లో డాక్టరూ కూలీ ఇద్దరూ సిగరెట్ కాల్చేవారు. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సిగరెట్‌కూ ఉన్న సంబంధాన్ని చూపించాక, ముందుగా మానేసింది చదువూ డబ్బూ ఉన్నవాళ్లు. షిఫ్టు డ్యూటీ, ఇరుకిల్లు, అప్పుల టెన్షన్ ఉన్నవాళ్లకు మానడం అంత తేలిక కాలేదు. సిగరెట్ పేదల జబ్బుగా మారింది ఆ తర్వాతే.

మన దేశంలోనూ పొగాకు వాడకం పేద కుటుంబాల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. బీడీ కట్ట మీద హెచ్చరిక బొమ్మ వేశాం, మంచిదే. మానాలనుకున్న కూలీకి రోజు కూలి పోకుండా, పని ముగిశాక వెళ్లగలిగే వేళలో, ఇంటికి దగ్గర్లో సలహా, మందులు దొరకాలి.