క్రాలర్‌కి బ్రష్డ్ మోటారా, బ్రష్‌లెస్సా: అపోహలు, వాస్తవాలు

ఆదివారం పొద్దున్నే మేం కొందరం ఆర్‌సీ క్రాలర్లు, అంటే బండల మీద మెల్లగా పాకే రిమోట్ బళ్లు, పట్టుకుని ఖాజాగూడ గుట్టలకు వెళ్తుంటాం. పోయిన నెల ఒక తమ్ముడు తన 1/10 సైజు బండిలో కొత్త బ్రష్‌లెస్ మోటార్ వేసుకొచ్చాడు. మోకాలెత్తు బండ. ముందు చక్రాలు ఎక్కేశాయి, వెనక చక్రాలు అంచుకి ఆనుకుని ఆగాయి. మెల్లగా త్రాటిల్ ఇచ్చాడు. బండి కదల్లేదు, మోటార్ మాత్రం కిర్రుకిర్రుమంటూ గిలగిల్లాడింది. ఇంకాస్త ఇచ్చాడు. ఒక్కసారిగా ఎగిరి వెల్లకిలా పడింది.

"పాత మోటారే నయం అన్నా, డబ్బులు దండగ" అన్నాడు.

మోటార్‌లో లోపమేం లేదు. అది చదును నేల మీద పరిగెత్తే కారుకి చేసిన మోటార్. మన దగ్గర మోటార్ల గురించి వినపడే మాటలు కూడా చాలావరకు అలా రేసు కార్ల నుంచి వచ్చినవే. రేసు కారులో మోటార్ పనితనం టాప్ స్పీడ్‌లో తెలుస్తుంది. క్రాలర్‌లో సున్నా దగ్గర తెలుస్తుంది. ఆగిపోయిన చక్రం మొదటి పావు చుట్టు ఎలా తిరిగిందన్నదే నేను చూసేది.

అపోహ: బ్రష్‌లెస్ కొత్త టెక్నాలజీ, కాబట్టి అన్నిట్లోనూ మెరుగు

మిక్సీకి కార్బన్లు మార్పించిన వాళ్లకి బ్రష్డ్ మోటార్ సగం తెలిసినట్టే. కార్బన్ ముక్కలు రెండు రాగి కామ్యుటేటర్‌ని రాసుకుంటూ ఉంటాయి. ఆర్మేచర్, అంటే తీగచుట్టలున్న భాగం, తిరిగేకొద్దీ ఏ చుట్టకి కరెంటు వెళ్లాలో ఆ రాపిడే తేల్చేస్తుంది. ఎవరూ లెక్క కట్టనక్కర్లేదు. అందుకే బొత్తిగా ఆగి ఉన్న మోటార్ కూడా కొంచెం వోల్టేజీకే మెల్లగా కదులుతుంది.

బ్రష్‌లెస్‌లో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్టలు కదలవు. ఏ చుట్టకి ఎప్పుడు కరెంటు పంపాలో ఈఎస్‌సీ, అంటే మోటార్‌ని నడిపే కంట్రోలర్, నిర్ణయించాలి. అందుకు అయస్కాంతం ఎటు తిరిగి ఉందో తెలియాలి. సెన్సర్ లేని రకంలో, తిరిగే అయస్కాంతం ఖాళీగా ఉన్న చుట్టలో పుట్టించే వోల్టేజీని చూసి అంచనా వేస్తుంది. మరి మోటార్ ఆగి ఉంటే ఆ వోల్టేజీ ఎక్కడిది? గుడ్డిగా ఒక తోపు తోస్తుంది, తప్పితే ఇంకోటి. కాగింగ్ అనేది ఇదే. తమ్ముడి బండి గిలగిల్లాడింది ఇందుకే.

సెన్సర్ ఉన్న బ్రష్‌లెస్‌లో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లు మూడు ఉంటాయి. మూడు లావు తీగలతో పాటు ఆరు సన్న తీగల కేబుల్ ఒకటి బయటికి వస్తుంది. అది కనిపిస్తే, ఆగి ఉన్నప్పుడు కూడా అయస్కాంతం ఎక్కడుందో ఈఎస్‌సీకి తెలుస్తుందన్నమాట. దీని మీద ఇంకో మెట్టు ఎఫ్‌ఓసీ పద్ధతి. కరెంటుని మెట్లు మెట్లుగా కాకుండా రోటర్ కోణాన్ని బట్టి నున్నగా మారుస్తూ పోతుంది. హాబీవింగ్ ఫ్యూజన్ ఈ రకమే, మోటారూ ఈఎస్‌సీ ఒకే డబ్బాలో వస్తాయి. మొదటిసారి నడిపినప్పుడు చక్రం గడియారం ముల్లులా కదలడం చూసి కాసేపు బండ ఎక్కించడం మానేసి అదే చూస్తూ కూర్చున్నాను.

ఇక బ్రష్డ్ అన్నీ ఒకటి కాదు. షాఫ్ట్‌ని వేళ్లతో తిప్పి చూడండి. మూడు స్లాట్ల ఆర్మేచర్ టక్ టక్‌మని ఆగి ఆగి తిరుగుతుంది, ఐదు స్లాట్లది అంతకంటే మెత్తగా తిరుగుతుంది. క్రాలర్‌కి రెండోదే తీసుకోండి. ధరలో తేడా ఉన్నా సరే.

అపోహ: కేవీ ఎంత ఎక్కువుంటే అంత బలం

కేవీ అంటే కిలోవోల్ట్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు. లోడ్ లేకుండా ఒక్కో వోల్ట్‌కి నిమిషానికి ఎన్ని చుట్లు అని. 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ 11.1 వోల్ట్‌ల లెక్కన 2300 కేవీ మోటార్ 25,530 చుట్లు తిరుగుతుంది, 1200 కేవీ అయితే 13,320. ఒకే సైజు మోటార్లలో కేవీ తగ్గేకొద్దీ అదే తోపుకి తక్కువ ఆంప్స్ చాలు. బ్రష్డ్‌లో ఇదే మాట టర్న్‌లలో, అంటే తీగ ఎన్ని చుట్లు చుట్టారన్న లెక్కలో, చెప్తారు: 55 టర్న్ నిదానం, 35 మధ్యస్థం, 27 చురుకు.

కానీ ఆ అంకె ఒక్కటే చూసి కొనేయకండి. ట్రాక్సస్ వాళ్ల టీఆర్‌ఎక్స్-4 2017లో వచ్చినప్పుడు అందులో ఉన్నది 21 టర్న్ మోటార్. 21 అంటే పరుగు మోటారే కదా? అది మామూలు 540 కంటే పొడుగైన 550 సైజు. పైగా ఆ బండిలో రెండు స్పీడ్‌ల గేర్‌బాక్స్, ఇరుసు చివర్లలో పోర్టల్ గేర్లు ఉన్నాయి. చక్రం దగ్గరికి వచ్చేసరికి వేగం దిగిపోతుంది. బండి దూకుడుగా ఉందనిపిస్తే మోటార్ మార్చేముందు రెండు పళ్లు తక్కువున్న పినియన్ (మోటార్ షాఫ్ట్ మీది చిన్న గేరు) వేసి చూడండి. దాని ఖర్చు ఎంతని?

అపోహ: వాలులో బ్రష్‌లెస్ నిలబడదు

నిలబెట్టేది ఈఎస్‌సీలోని డ్రాగ్ బ్రేక్, అంటే త్రాటిల్ వదిలేయగానే దానంతటదే పడే బ్రేక్. మామూలుగా అది మోటార్ తీగల్ని ఒకదానికొకటి కలిపేస్తుంది. అలా కలిపిన మోటార్ తిరగబోతేనే అడ్డుపడుతుంది, కాబట్టి నిటారుగా ఉన్న బండ మీద బ్రష్డ్ బండి కూడా చీమలా కిందికి జారుతుంది. ఎఫ్‌ఓసీ అలా కాదు, కరెంటు పంపి మరీ పట్టుకుంటుంది. అయితే కదలకపోయినా కరెంటు పోతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. ఫొటోల కోసం వాలు మీద నిలబెట్టి కబుర్లలో పడొద్దు.

ముందు మీ ఈఎస్‌సీ సెట్టింగుల్లో డ్రాగ్ బ్రేక్ ఎంతుందో చూడండి. "మోటార్ పట్టుకోవట్లేదు" అని నా దగ్గరికి వచ్చిన బళ్లలో కొన్ని, సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్ కార్డు పెట్టి బ్రేక్ పూర్తిగా పెంచగానే బాగైపోయాయి.

అపోహ: బ్రష్‌లెస్ వేస్తే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది

బీఎల్‌డీసీ ఫ్యాన్ల ప్రకటనలు పెట్టిన ఆశ ఇది. అక్కడ 75 వాట్ల ఫ్యాన్ స్థానంలో 30 వాట్లది వస్తుంది, నిజమే. కానీ ఆ పాత ఫ్యాన్‌లో ఉన్నది ఇండక్షన్ మోటార్, బ్రష్డ్ కాదు. ఆ లెక్క ఇక్కడికి తేకూడదు. బ్రష్‌ల రాపిడి పోతుంది కాబట్టి కొంత మిగులుతుంది. నా బండిలో తేడా తెలిసింది, రెట్టింపు మాత్రం కాదు.

అపోహ: బ్రష్డ్ మోటార్ తొందరగా పోతుంది

అరిగేది కార్బన్. విప్పదగిన మోటార్ అయితే బ్రష్‌లు, స్ప్రింగులు మార్చుకోవచ్చు. సీలు వేసిన డబ్బా అయితే పారేయాల్సిందే. నిదానంగా నడిచే బండిలో కార్బన్ అంత త్వరగా అరగదు. చంపేది వేడి. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, మనం పంతానికి త్రాటిల్ నొక్కి పట్టుకుంటాం. తిరగని కామ్యుటేటర్‌లో కరెంటంతా ఒకే చోట పడి అక్కడే మాడుతుంది. విప్పి చూస్తే రాగి మీద నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఇరుక్కుంటే వేలు తీసేసి, నడిచి వెళ్లి చేత్తో లేపండి. పదిహేను నిమిషాలకోసారి మోటార్ మీద వేలు ఆనించండి, ఉంచలేకపోతే బండికి విశ్రాంతి. బ్రష్‌లెస్‌కీ ఇదే వర్తిస్తుంది, అందులో అయస్కాంతాలు వేడికి బలహీనపడతాయి.

నీళ్ల సంగతి: రెండింట్లోనూ తుప్పు పట్టేది బేరింగ్. ఆరబెట్టి ఒక చుక్క నూనె వేయండి.

మరి ఏది కొనాలి? మొదటి బండి అయితే ఐదు స్లాట్ల 35 టర్న్ బ్రష్డ్, సరైన డ్రాగ్ బ్రేక్ ఉన్న ఈఎస్‌సీ. ఒకే బండి పాకాలి, అవసరమైతే చక్రాలు గిర్రున తిప్పి గట్టు దూకాలి కూడా అంటే అప్పుడు ఎఫ్‌ఓసీకి డబ్బు పెట్టండి. 55 టర్న్ బ్రష్డ్ పాకుతుంది, దూకదు. సెన్సర్ లేని బ్రష్‌లెస్ దూకుతుంది, పాకదు. బ్రష్డ్‌కి రెండు తీగలు, బ్రష్‌లెస్‌కి మూడు. కాబట్టి మోటార్ మారిస్తే మామూలుగా ఈఎస్‌సీ కూడా మార్చాల్సిందేనని లెక్కలో వేసుకోండి.

తమ్ముడు ఆ సెట్‌ని తన కజిన్ ట్రక్కుకి ఇచ్చేసి, పాత 35 టర్న్‌కి పినియన్ మార్చుకున్నాడు. పోయిన ఆదివారం అదే బండ రెండో ప్రయత్నంలో ఎక్కాడు. ఆ రోజు మొదటి ప్రయత్నంలో పడింది మోటార్ వల్ల కాదు, స్టీరింగ్ అటు తిప్పాల్సింది ఇటు తిప్పాడు.