సిస్టమాటిక్ రివ్యూ అంటే ఇక తిరుగులేనట్టేనా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పీజీ విద్యార్థులకు పరిశోధన పద్ధతులు చెబుతుంటాను. ఒక చికిత్స మీద జరిగిన ట్రయల్స్ (మనుషుల మీద చేసే పరీక్షలు) అన్నీ వెతికి, నాణ్యత చూసి, కలిపి తేల్చేదే సిస్టమాటిక్ రివ్యూ. ఆయుర్వేదం, హోమియో, ఆక్యుపంక్చర్ రివ్యూలు చదివేటప్పుడు వాళ్ల నోట, కొత్తపేట డాక్టర్ల నోట కూడా తరచూ వినే మాటలివి.

అపోహ: అన్ని ట్రయల్స్ కలిపారు కాబట్టి ఫలితం గట్టిదే.

వాస్తవం: కాటాలోనే తేడా ఉంటే మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు (బస్తాలు) తూచినా లెక్క సరికాదు. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో 110 హోమియో ట్రయల్స్‌ని, 110 అల్లోపతి ట్రయల్స్‌ని పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటిలోనూ చిన్నవి, నాణ్యత తక్కువవి ఎక్కువ మేలు చూపించాయి. పెద్దవి, పద్ధతిగా చేసినవి మాత్రమే తీసుకుంటే హోమియో ప్రభావం ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) దగ్గరకు వచ్చేసింది.

అపోహ: అచ్చయినవన్నీ వెతికారు, ఇంకేం కావాలి?

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి అచ్చు కానివే. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ ట్రయల్స్ అన్నీ అనుకూలంగానే ఉన్నాయని 1998లో ఒక పరిశీలన తేల్చింది. ఎంత మంచి చికిత్సకైనా అన్నిసార్లూ అనుకూల ఫలితం రావడం నమ్మశక్యం కాదు. అందుకే రివ్యూ చేసేవాళ్లు రిజిస్ట్రీలు (ట్రయల్స్‌ని ముందే నమోదు చేసే జాబితాలు) కూడా వెతకాలి. మనకు 2007 నుంచి సీటీఆర్‌ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) ఉంది. ఆయుష్ ట్రయల్స్ కూడా అందులో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పన్నెండు వారాలకు మోకాలి నొప్పి కొలుస్తామని నమోదు చేసి, పేపర్లో నాలుగు వారాల బిగుతు గురించి రాశారంటే అక్కడ ఆగి ప్రశ్నించాలి.

అపోహ: పంచకర్మలో బ్లైండింగ్ (ఎవరికి ఏ చికిత్స అందుతోందో తెలియకుండా ఉంచడం) కుదరదు, కాబట్టి ఆ లోపాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

వాస్తవం: కుదరకపోవడం పరిశోధకుడి తప్పు కాదు. కానీ బయాస్ (ఫలితం ఒకవైపు మొగ్గడం) మాత్రం అక్కడే ఉంటుంది. రక్తపరీక్ష లాంటి ఫలితాల మీద దాని ప్రభావం తక్కువ. నొప్పి ఎంత తగ్గిందో చెప్పేది రోగే కాబట్టి అక్కడ ఎక్కువ.

అపోహ: ఇదంతా అల్లోపతివాళ్ల పక్షపాతం.

వాస్తవం: ఇవే ప్రశ్నలు అల్లోపతికీ వేస్తాం. అమెరికాలో నమోదైన 74 డిప్రెషన్ మందుల ట్రయల్స్‌లో దాదాపు మూడో వంతు అచ్చే కాలేదని 2008లో బయటపడింది.

అపోహ: ‘ఆధారాలు చాలవు’ అన్నారంటే మందు పనిచేయదని అర్థం.

వాస్తవం: కాదు, ఇంకా తేలలేదని అర్థం. అలాగని తేలని మందును నమ్ముకుని ఇన్సులిన్ ఆపేయకండి. అలా ఆపేస్తే టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.