అమెరికా టాప్ కాలేజీల్లో విదేశీ విద్యార్థి ఛాన్స్: ఆ లెక్క ఎలా తయారైంది

"ఇంటర్లో 98 శాతం, శాట్‌లో 1540, ఒక రోబోటిక్స్ ప్రాజెక్టు కూడా చేశాడు. హార్వర్డ్‌లో గానీ స్టాన్‌ఫర్డ్‌లో గానీ ఛాన్స్ ఎంతుంటుంది?" అప్లికేషన్ల సీజన్ మొదలైతే చాలు, తల్లిదండ్రులు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఇదే. (శాట్ అంటే అమెరికా కాలేజీలు డిగ్రీ అడ్మిషన్లకు చూసే పరీక్ష.) అలా అడగడంలో తప్పేమీ లేదు. 1986లో ఎంసెట్ మొదలైన దగ్గర్నుంచి మనకు అలవాటైన పద్ధతి అది. ర్యాంకు తెలిస్తే పోయినేడాది లాస్ట్ ర్యాంకు చూసుకుని ఏ కాలేజీలో ఏ బ్రాంచి వస్తుందో ఇంట్లో కూర్చునే చెప్పేయొచ్చు. జేఈఈ కూడా అంతే. అమెరికాలో పోటీ ఎక్కువగా ఉండే కాలేజీల్లో డిగ్రీకి అలాంటి కటాఫ్ ఉండదు. ఒకప్పుడు దాదాపు అలాంటిదే ఉండేది, కావాలనే తీసేశారు. ఎందుకు తీసేశారో తెలిస్తే తప్ప మన పిల్లల ఛాన్స్ ఎంతో అంచనా వేయడం కుదరదని నా అభిప్రాయం. అందుకే ఈ పాత కథంతా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్, కొలంబియా లాంటి చోట్ల పరీక్ష పాసైతే చాలావరకు సీటు ఖాయం. లాటిన్, గణితం లాంటి సబ్జెక్టుల్లో పరీక్షలు పెట్టేవాళ్లు, వాటికి 1900లో కాలేజ్ బోర్డ్ అనే ఉమ్మడి సంస్థ కూడా వచ్చింది. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షల్ని బాగా రాశారు. 1920ల మొదట్లో హార్వర్డ్ ఫస్టియర్లో ఐదో వంతుకు పైగా వాళ్లే. అప్పటి ప్రెసిడెంట్ లోవెల్‌కు ఇది నచ్చలేదు. 1922లో యూదు విద్యార్థులు 15 శాతం మించకూడదనే పరిమితి పెట్టాలని చూశాడు, బయట గొడవైంది, మరుసటి ఏడాది అధ్యాపకుల కమిటీ కూడా బాహాటమైన కోటా వద్దంది. అయితే ఆయన అనుకున్నది వేరే దారిలో జరిగిపోయింది. 1926 నుంచి ఫస్టియర్ సీట్లకు ఒక గరిష్ఠ సంఖ్య పెట్టి, మార్కులతో పాటు 'క్యారెక్టర్' చూడాలన్నారు. ఫొటో అడిగారు, ఏ ఊరు, ఏ కుటుంబం అని చూశారు, దేశంలోని అన్ని ప్రాంతాల నుంచీ పిల్లలు రావాలన్నారు. యూదు విద్యార్థుల శాతం పడిపోయింది. ఇవాళ అప్లికేషన్లో మనం నింపే వ్యాసాలు, సిఫార్సు లేఖలు, బయటి కార్యకలాపాల జాబితా, ఇంటర్వ్యూ, వీటన్నిటికీ మూలం చాలావరకు ఆ రోజుల్లోనే ఉంది. పుట్టింది వివక్షలోంచి. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మంచికీ వాడారు, అది వేరే సంగతి.

మన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగింది సరిగ్గా ఈ గొడవలు నడుస్తున్న రోజుల్లోనే. హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో సీటైతే వచ్చింది గానీ స్కాలర్‌షిప్ రాలేదు. మామగారు, కాకినాడ ఎమ్మెస్సెన్ ఛారిటీస్ వాళ్లు సాయం చేస్తే వెళ్లారు, అక్కడ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేసి ఖర్చులు గడుపుకున్నారు. అది వైద్యం చదివినవాళ్లకు ఉద్దేశించిన పై కోర్సు, డిగ్రీ అడ్మిషన్ కాదు. అయినా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, విదేశీ విద్యార్థికి ప్రతిభ ఒక ప్రశ్న, డబ్బు ఇంకో ప్రశ్న అన్నది అప్పుడే ఉంది. ఇప్పుడూ ఉంది.

మళ్లీ అసలు కథకొస్తే, శాట్ మొదలైంది కూడా 1926లోనే. 1934లో హార్వర్డ్ కొత్త ప్రెసిడెంట్ కోనంట్, పెద్ద కుటుంబాల పేరు లేని చురుకైన కుర్రాళ్లను దేశం నలుమూలల నుంచి తేవడానికి స్కాలర్‌షిప్పులు పెట్టి, వాళ్లను ఎంచడానికి ఆ పరీక్షను వాడాడు. అంటే మార్కులు, 'క్యారెక్టర్' రెండూ ఒకే ఫైల్లో పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ పొత్తు ఇప్పటికీ విడిపోలేదు. 1978లో అలన్ బాకీ అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు జాతి కోటాలు చెల్లవంటూనే, జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చంది. జస్టిస్ పావెల్ అందుకు ఉదాహరణగా చూపింది హార్వర్డ్ పద్ధతినే. 2023 జూన్ 29న అదే సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం కుదరదని తీర్పిచ్చింది. ఆ కేసు 2018లో బోస్టన్‌లో విచారణకు వచ్చినప్పుడే హార్వర్డ్ లోపల ఏం జరుగుతుందో లోకానికి కొంత తెలిసింది: చదువు, కార్యకలాపాలు, ఆటలు, వ్యక్తిత్వం, వీటికి విడివిడిగా రేటింగులు ఇస్తారని, ఆసియన్ అమెరికన్ పిల్లలకు వ్యక్తిత్వం రేటింగు సగటున తక్కువ పడుతోందని, పూర్వ విద్యార్థుల పిల్లలకూ క్రీడాకారులకూ పెద్ద మొగ్గు ఉందని. ఆ కేసు లెక్కలు పట్టుకుని మనవాళ్లు చాలామంది తమ పిల్లల ఛాన్స్ తేలుస్తుంటారు. కానీ ఆ విశ్లేషణలు అమెరికాలో ఉండేవాళ్ల అప్లికేషన్ల మీద చేసినవి. గుంటూరు నుంచో వరంగల్ నుంచో అప్లై చేసేవాళ్లు ఆ లెక్కలో లేరు.

ఇక డబ్బు. నా దృష్టిలో అసలు విషయం ఇదే, మన దగ్గర తక్కువ మాట్లాడుకునేదీ ఇదే.

1960లలో యేల్ లాంటి కాలేజీలు, సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు కుటుంబం ఫీజు కట్టగలదా అని చూడబోమని ప్రకటించాయి. దీన్నే నీడ్-బ్లైండ్ అంటారు. కట్టగలరా లేదా అని కూడా చూసే పద్ధతి నీడ్-అవేర్. 1965 ఉన్నత విద్యా చట్టం, ఆ తర్వాత 1972లో వచ్చిన పెల్ గ్రాంట్లు ఈ దారిని సులువు చేశాయి, ఎందుకంటే పేద విద్యార్థి ఖర్చులో కొంత ఫెడరల్ ప్రభుత్వం మోస్తుంది. ఆ డబ్బు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని చిన్న వర్గాలకు మాత్రమే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లకు ఒక్క డాలర్ కూడా రాదు. కాబట్టి విదేశీ విద్యార్థికి ఇచ్చే సాయమంతా కాలేజీ సొంత నిధిలోంచే పోవాలి. అందుకే సొంత దేశం పిల్లలకు నీడ్-బ్లైండ్ అని గొప్పగా చెప్పుకునే కాలేజీలు కూడా చాలావరకు విదేశీ పిల్లల దగ్గరికొచ్చేసరికి నీడ్-అవేర్.

2001 ప్రాంతంలో ప్రిన్స్‌టన్, యేల్ విదేశీ విద్యార్థులకు కూడా నీడ్-బ్లైండ్ అమలు చేశాయి. హార్వర్డ్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ కూడా ఆ వరసలో ఉన్నాయి. డార్ట్‌మౌత్ ఒకసారి ఇచ్చి వెనక్కి తీసుకుని, 2022 జనవరిలో మళ్లీ తెచ్చింది. అలా తెచ్చినప్పుడు దేశం మొత్తం మీద అది ఆరోది మాత్రమే! అదే ఏడాది బోడిన్, ఆ తర్వాత బ్రౌన్, నోటర్‌డామ్ చేరాయి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, పెన్సిల్వేనియా, ఇంత పేరున్న చోట్ల కూడా, సాయం కావాలి అని టిక్ పెట్టిన విదేశీ ఫైలు వేరే లెక్కలో పడుతుంది. ఏడాదికి ఖర్చు 85 వేల డాలర్లు దాటిపోయిన ప్రైవేటు కాలేజీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నాలుగేళ్లకు రూపాయల్లో వేసుకుంటే కోట్లలో తేలుతుంది. ఆ డబ్బు మొత్తం కట్టగల కుటుంబం నుంచి వచ్చిన పిల్లాడికీ, సగం కూడా కట్టలేని పిల్లాడికీ ఒకే శాట్ స్కోరున్నా ఒకే ఛాన్స్ ఉండదు. ఇది చెప్పకుండా ఎవరైనా శాతాలు చెబితే నమ్మకండి.

ప్రభుత్వ యూనివర్సిటీల కథ దీనికి తలకిందులు. 2008 ఆర్థిక సంక్షోభంలో రాష్ట్రాలు నిధులు కోసేస్తే, ఎక్కువ ఫీజు కట్టే బయటి రాష్ట్రాల పిల్లల్ని, విదేశీయుల్ని అవి విరివిగా చేర్చుకున్నాయి. తమ పిల్లలకు సీట్లు రావట్లేదని కాలిఫోర్నియా తల్లిదండ్రులు మండిపడ్డారు. 2017లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బయటివాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టింది. దాని క్యాంపస్‌లైన బర్క్లీ, లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల మన పిల్లాడి 1540 స్కోరును అసలు చూడరు, శాట్‌ను అక్కడ పూర్తిగా పక్కన పెట్టేశారు. ఆర్థిక సాయం ఆశ కూడా పెట్టుకోకూడదు.

మరి సీటు దొరికేవాళ్ల శాతం ఇంత కిందికి ఎలా పడింది? పిల్లలు ఒక్కసారిగా తెలివైనవాళ్లయిపోయారని కాదు, అప్లికేషన్లు పెరిగాయి. 1975లో 15 ప్రైవేటు కాలేజీలు కలిసి కామన్ అప్లికేషన్ తెచ్చాయి, అంటే ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేసుకోవచ్చు, 1998లో అది ఆన్‌లైన్ అయింది, ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు అందులో ఉన్నాయి. 1983లో యూఎస్ న్యూస్ పత్రిక కాలేజీలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంత తక్కువ శాతానికి సీటిస్తే అంత మంచి కాలేజీ అన్నది చాలా ఏళ్లపాటు ఆ ర్యాంకుల లెక్కలో చిన్న భాగమే అయినా ఉండేది, 2018లో తీసేశారు. 2000ల మధ్యలో నూటికి దాదాపు 40 మందికి సీటిచ్చిన షికాగో యూనివర్సిటీ ఇప్పుడు ఐదుగురి దగ్గరుంది. కోవిడ్‌లో శాట్ తప్పనిసరి కాదన్నారు. 2020లో హార్వర్డ్‌కు వచ్చిన అప్లికేషన్లు 40,248, ఆ మరుసటి ఏడాది 57,435. సీట్లు మాత్రం ఎప్పటిలా రెండు వేల లోపే. తర్వాత ఎంఐటీ 2022లో, డార్ట్‌మౌత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో పరీక్షను మళ్లీ తెచ్చాయి.

మన తెలుగు రాష్ట్రాల్లో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అమెరికా చదువు అంటే మనకు ఎమ్మెస్. బీటెక్, జీఆర్ఈ, ఐ-20, వీసా, ఈ దారి ప్రతి వీధిలో ఎవరో ఒకరికి తెలుసు. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అయితే అందులో డిగ్రీ స్థాయిలో ఉన్నది దాదాపు 36 వేలు, మిగతావాళ్లలో ఎక్కువమంది ఎమ్మెస్, పీహెచ్‌డీ, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి). ఎమ్మెస్‌లో చాలా యూనివర్సిటీలకు విదేశీ విద్యార్థులు ఆదాయం, కాబట్టి తలుపులు కాస్త విశాలం. ఆ అనుభవంతో డిగ్రీ అడ్మిషన్లను అంచనా వేస్తే దెబ్బతింటాం. పైగా పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సు నడిచే కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు గడిపిన పిల్లాడికి కార్యకలాపాల పేజీలో రాయడానికి ఏముంటుంది? వందలమందికి పాఠం చెప్పే లెక్చరర్ ఈ ఒక్కడి గురించి సిఫార్సు లేఖలో ఏం రాయగలడు? పిల్లాడి తప్పు కాదది. ఇంటర్లో 980 దాటినవాళ్లు వేలల్లో ఉంటే ఆ మార్కు ఒక్కటే వాణ్ని వేరుగా చూపించలేదు కూడా. ఒలింపియాడ్ దాకా వెళ్లినవాళ్ల సంగతి వేరు, ఎంఐటీ లాంటి చోట అది నిజంగా బరువున్న విషయం.

2025 ఈ లెక్కను ఇంకా కుదిపేసింది. మే 22న ట్రంప్ ప్రభుత్వం హార్వర్డ్‌కు విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతినే రద్దు చేసింది, కోర్టు ఆపింది. వీసా ఇంటర్వ్యూలు కొన్ని వారాలు ఆగాయి, సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమన్నారు. అక్టోబర్లో తొమ్మిది యూనివర్సిటీలకు ఒక ఒప్పందం పంపారు. అందులో డిగ్రీ స్థాయిలో విదేశీయులు 15 శాతం మించకూడదని, ఒక్క దేశం నుంచి 5 శాతం మించకూడదని ఉంది. ఎంఐటీ అందరికంటే ముందు కాదంది, తర్వాత బ్రౌన్, పెన్సిల్వేనియా, డార్ట్‌మౌత్ కూడా. లోవెల్ ఆ రోజు అడిగిందీ 15 శాతమే. అంకె కలవడం యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం మనసు కలుక్కుమంది.

ఇన్నీ చూశాక, ఛాన్స్ లెక్కేసుకునే పని ఎక్కడ మొదలుపెట్టాలంటే: కాలేజీ మొత్తం శాతాన్ని పక్కన పెట్టి విదేశీయుల శాతం వెతకాలి. ఎంఐటీ దాన్ని విడిగా ప్రకటిస్తుంది. మొత్తమ్మీద నూటికి నలుగురైదుగురికి సీటు దొరికితే విదేశీయుల్లో ఇద్దరికి కాస్త అటూ ఇటూ. మిగతా కాలేజీలకు కామన్ డేటా సెట్ అని ఏటా వచ్చే పత్రం ఉంటుంది, కాలేజీ పేరుతో వెతికితే దొరుకుతుంది. అందులో సీ1 అనే చోట ఈమధ్య విదేశీ అప్లికేషన్ల అంకెలు విడిగా ఇస్తున్నారు, హెచ్6 అనే చోట ఎంతమంది విదేశీ విద్యార్థులకు సాయం అందింది, సగటున ఎంత అన్నది ఉంటుంది. ఒక కాలేజీలో నాలుగేళ్లకూ కలిపి ముప్పై మందికి మాత్రమే సాయం అందుతోందని హెచ్6 చెబితే, ఏడాదికి ఏడెనిమిది సీట్ల కోసం ప్రపంచమంతా పోటీ పడుతోందన్నమాట. చాలా కాలేజీల్లో అప్లికేషన్‌తో పాటే సాయం అడక్కపోతే ఆ తర్వాత నాలుగేళ్లూ అడిగే వీలుండదు. కాబట్టి సాయం అడగాలా వద్దా, అడిగితే ఏ కాలేజీల్లో అడగాలి అన్నది ఇంట్లో అందరూ కూర్చుని, బ్యాంకు లోన్ ఎంత వస్తుందో, పొలం గానీ ఫ్లాట్ గానీ అమ్మడానికి సిద్ధంగా ఉన్నారో లేదో పిల్లాడి ముందే మాట్లాడుకుని, నవంబర్ గడువులకు చాలా ముందే తేల్చుకోవాలి.