తెలిసి ఉండటమే ఒక మేలా?

పెద్దాయనకు వచ్చిన జబ్బు పేరును డాక్టరు కొడుకులకు మాత్రమే చెబుతాడు. రిపోర్టులు బీరువాలో బట్టల కిందికి చేరతాయి. "ఏమన్నాడ్రా డాక్టరు?" అని ఆయన అడిగితే, "ఏం లేదు నాన్నా, గ్యాసట" అన్న జవాబు వస్తుంది. ఆయన చివరి నెలలు ప్రశాంతంగానే గడిచాయనుకుందాం. అప్పటికీ ఆయనకు ఏదైనా నష్టం జరిగిందా? మనిషికి ఏది మేలు అని విచారించిన సిద్ధాంతాలు ఈ ప్రశ్న దగ్గరే చీలిపోతాయి.

ప్లేటో రాసిన 'ఫిలేబస్' సంభాషణలో సోక్రటీస్ ఈ విషయాన్ని సూటిగా ఎత్తుకున్నాడు. జ్ఞాపకమూ తెలివీ లేకుండా సుఖం ఒక్కటే ఉన్న బతుకు సముద్రంలో గుల్ల లోపలి జీవి బతుకు లాంటిదని, అలా బతికేవాడికి తాను సుఖపడుతున్న సంగతే తెలియదని అన్నాడు. అయితే సుఖదుఃఖాలు లేని వట్టి జ్ఞానాన్ని కూడా ఎవరూ కోరుకోరని తేల్చి, రెండూ కలిసిన జీవితం వైపు మొగ్గాడు. సుఖం ఒక్కటే అసలైన మేలనే సుఖవాదుల దృష్టిలో జ్ఞానం సుఖానికి సాధనం మాత్రమే. 1861లో సుఖవాది అయిన తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, తృప్తిపడిన మూర్ఖుడి కన్నా అసంతృప్తితో ఉన్న సోక్రటీసే మేలన్నప్పటికీ, ఆ మేలును ఆయన సుఖంలోని నాణ్యతగానే లెక్కగట్టాడు.

అసలు మలుపు 20వ శతాబ్దంలో వచ్చింది. జ్ఞానానికి విడిగా విలువ లేదనో, ఉన్నా బహు స్వల్పమనో 1903లో తత్వవేత్త జి.ఇ. మూర్ రాశాడు; అత్యున్నతమైన మేళ్లలో అది విడదీయరాని భాగమని మాత్రం ఒప్పుకున్నాడు. 1930లో మరో తత్వవేత్త డబ్ల్యు.డి. రాస్ అంతకంటే ముందుకు వెళ్లి, సద్గుణం, సుఖం, ఎవరి అర్హతకు తగ్గట్టు వారికి సుఖం దక్కడం అనేవాటితో పాటు జ్ఞానాన్నీ స్వతహాగా విలువైనవాటిలో చేర్చాడు. సద్గుణంలోనూ సుఖంలోనూ సరిసమానమైన రెండు లోకాలుండి, ఒకదానిలోని వారికి ప్రకృతి నియమాల గురించి మరింత లోతైన అవగాహన ఉంటే, ఆ లోకమే మెరుగైనదని ఎవరైనా అంటారన్నది ఆయన వాదం. నేనూ అలాగే అంటాను. కానీ లోకం మెరుగ్గా ఉండటం వేరు, అందులోని ఫలానా మనిషికి మేలు కలగడం వేరు. రాస్ వాదం నిరూపించేది మొదటిదాన్నే.

ఈ తేడాను చాలామంది పట్టించుకోకుండా దాటిపోయారు. 1974లో తత్వవేత్త రాబర్ట్ నోజిక్, కోరిన అనుభవాలన్నీ ఇచ్చే యంత్రాన్ని ఊహించి, అందులోకి మనం వెళ్లబోమని చెప్పినప్పుడు కూడా, పనులను నిజంగా చేయడం, ఒక తీరు మనిషిగా ఉండటం, వాస్తవాన్ని తాకడం అనే కారణాలే చూపాడు గాని జ్ఞానం పేరు ఎత్తలేదు. 1984లో తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ మేలు గురించిన సిద్ధాంతాలను సుఖం, కోరిక తీరడం, వస్తుగతమైన మేళ్ల (మనిషి కోరినా కోరకపోయినా అతనికి మేలే అయినవాటి) జాబితా అని మూడుగా విడదీసినప్పుడు, మూడో రకం జాబితాల్లో ఉండదగిన మేళ్లకు ఉదాహరణగా జ్ఞానాన్ని పేర్కొన్నాడు. కీడుల వైపు మోసపోవడాన్నీ పెట్టాడు. అక్కడి నుంచి ప్రశ్న లోకాన్ని వదిలి మనిషి దగ్గరకు వచ్చింది.

జ్ఞానాన్ని ఆ జాబితాలో చేర్చడాన్ని ఎదిరించేవారు తరచూ ఇసుక రేణువులను తీసుకొస్తారు: ఒడ్డున ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తెలుసుకున్నవాడికి ఒరిగిందేమిటి? విడివిడి సంగతుల కన్నా సాధారణ సూత్రాల జ్ఞానానికే విలువ ఎక్కువన్న రాస్ మాటలో దీనికి జవాబు ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఆ పెద్దాయనకు దక్కనిది ప్రకృతి నియమం కాదు, ఒక జబ్బు పేరు. రాస్ కొలతలో అది ఇసుక రేణువు పక్కనే పడుతుంది. అయినా తన బతుకుకు సంబంధించినంతవరకు అంతకన్నా పెద్ద సంగతి ఆయనకు ఆ నెలల్లో మరొకటి లేదు.