పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్, రాని వైఫై: హన్మకొండ రిపేర్ బల్ల మీద రోజూ వినే అపోహలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. అంతకు ముందటి ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లు వరంగల్‌లో ఇంటికొకటి ఉన్నాయి. అన్న బీటెక్‌లో వాడినది ఇప్పుడు తమ్ముడి చేతిలో, ఏనుమాముల అడ్తి దుకాణంలో లెక్కల కోసం పెట్టినది ఇప్పుడు అటక మీద. వీడియో చూసి వాటిలో విండోస్ బదులు లినక్స్, అంటే దానిలో ఒక రకమైన మింటో, ఉబుంటూనో ఎక్కించుకుంటున్నారు. అంతవరకు బాగానే ఉంటది. ఆ తర్వాత మా బల్ల దగ్గరికి వచ్చే మాట ఒకటే: "లినక్స్ ఎక్కించిన గని వైఫై వస్తలేదన్నా."

వచ్చేవాళ్లలో చాలామంది కారణం కూడా తామే చెప్పేస్తారు. ఆ కారణాలే ఈ కింది అపోహలు. కింద చెప్పే ఆదేశాలు, పేర్లన్నీ మెనూల్లో, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను.

అపోహ: లినక్స్‌కు వైఫై పడదు

పడుతుంది. విండోస్‌లో డ్రైవర్ సీడీ వెతుక్కోవాల్సిన చోట లినక్స్‌లో చాలా డ్రైవర్లు, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్‌లు, కెర్నల్ అనే సిస్టమ్ గుండెకాయలోనే ఉంటాయి. అథెరోస్ చిప్‌లకు వాడే ఏటీహెచ్9కే డ్రైవర్ 2008లో వచ్చిన 2.6.27 కెర్నల్ నుంచి ఉంది. లోపల బిగించే కార్డులైతే దానికి విడిగా ఫర్మ్‌వేర్ కూడా అక్కర్లేదు, బూట్ అవగానే వైఫై కనిపిస్తుంది. అందుకే పాత కార్డుల్లో నాకు అథెరోస్ అంటే కొంచెం ప్రేమ.

ఇంటెల్, బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ కార్డుల్లో దాదాపు అన్నిటికీ డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ అనే ఫైల్ కావాలి. అది కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్. కార్డు దాన్ని తనలో దాచుకోదు, సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవరే అందించాలి. ఇక్కడ పేచీ లైసెన్స్‌ది. ఈ ఫైళ్లకు సోర్స్ కోడ్ ఇవ్వరు కాబట్టి డెబియన్ అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్లు చాలా ఏళ్లు వాటిని మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచే పెట్టారు. హాస్టల్‌లో సీనియర్ ఇచ్చిన పాత పెన్‌డ్రైవ్‌తో డెబియన్ 10 ఎక్కించుకుంటే వైఫై రాకపోవడం సహజం. టెర్మినల్‌లో డీమెసేజ్ (అక్షరాలు డీఎంఈఎస్‌జీ) కొట్టి చూడండి. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని, పక్కన మైనస్ 2 అని ఉంటే ఫైల్ దొరకలేదని అర్థం. కార్డు మంచిదే, దానికి ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదు.

అపోహ: ల్యాప్‌టాప్ మోడల్ చెబితే డ్రైవర్ చెప్పొచ్చు

ఫోన్‌లో అడిగేవాళ్లంతా మోడల్ నంబరే చెప్తారు. అదే మోడల్, అదే ఏడాది, ఒకదాంట్లో ఇంటెల్ కార్డు, ఇంకోదాంట్లో బ్రాడ్‌కామ్ ఉంటాయి. లినక్స్‌కు మూత మీది పేరుతో పనిలేదు, లోపలి చిప్‌తోనే పని. ఎల్ఎస్‌పీసీఐ పక్కన ఖాళీ ఇచ్చి మైనస్ ఎన్ఎన్‌కే అని కొట్టండి. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస చివర చదరపు బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసిన రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది 8086 అయితే ఇంటెల్, 168సీ అయితే అథెరోస్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. రెండోది చిప్‌ను చెప్తుంది. వెతికేటప్పుడు మోడల్ పేరుతో కాకుండా ఈ జంటతో వెతకండి, సగం చెత్త అక్కడే పోతుంది. ఆ కిందే ఏ డ్రైవర్ నడుస్తోందో కూడా రాసి ఉంటుంది. ఆ వరుసే లేకపోతే చిప్‌కు డ్రైవర్ తగల్లేదన్నమాట.

కార్డు ఈ జాబితాలోనే లేదా? యూఎస్‌బీ మీద ఉందేమో ఎల్ఎస్‌యూఎస్‌బీతో చూడండి. రెండిట్లోనూ లేకపోతే ఎన్ని డ్రైవర్లు ఎక్కించినా లాభం లేదు. బయోస్‌లో (ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) వైర్‌లెస్ ఆపేసి ఉండాలి, కార్డు వదులై ఉండాలి, లేదా పోయి ఉండాలి. వదులైన కార్డును తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగిస్తే లేచినవి చాలా చూశాను. బ్యాటరీ, చార్జర్ తీశాకే ఆ పని.

బ్రాడ్‌కామ్‌వాళ్లకు ఇంకో మాట. పాత 14ఈ4:4315 లాంటి చిప్‌లకు రెండు దార్లున్నాయి: కెర్నల్‌లోనే ఉన్న బీ43, బ్రాడ్‌కామ్ కంపెనీ ఇచ్చిన డబ్ల్యూఎల్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. డబ్ల్యూఎల్ ప్యాకేజీ ఎక్కించగానే అది బీ43ని బ్లాక్‌లిస్ట్‌లో, అంటే లోడ్ కానివ్వని జాబితాలో, పెడుతుంది. అది నచ్చక బీ43 ఫర్మ్‌వేర్ వేసుకున్నవాళ్లు ఆ బ్లాక్‌లిస్ట్‌ను మరిచిపోతారు. అప్పుడు రెండూ పనిచేయవు. డ్రైవర్ల సెట్టింగ్స్ ఉండే, ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్ తెరిచి ఎవరు ఎవర్ని ఆపారో చూడాలి.

అపోహ: డ్రైవర్‌కు నెట్ కావాలి, నెట్‌కు డ్రైవర్ కావాలి, ఇక అంతే

జేబులో ఫోన్ ఉంది గదా. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్ లాగే చూస్తుంది, డ్రైవర్ ఏదీ అడగదు. ఫోన్ వైఫైలో ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే ల్యాప్‌టాప్‌కు అందిస్తాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. టెదరింగ్ ఆప్షన్ మసకగా కనిపిస్తే కేబుల్ మార్చండి, కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు. నెట్ వచ్చాక మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే, కావాల్సినది ఉంటే అదే చూపిస్తుంది.

అపోహ: వైఫై బటన్ బూడిద రంగులో ఉంటే కార్డు కాలిపోయినట్టే

ముందు ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ (సాఫ్ట్‌వేర్ ఆపింది) ఎదురుగా యెస్ అని ఉంటే సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ చాలు. హార్డ్ బ్లాక్డ్ యెస్ అయితే ఏ ఆదేశమూ దాన్ని తీయలేదు, ఎందుకంటే ఆపింది లినక్స్ కాదు. 2008–2012 నాటి ల్యాప్‌టాప్‌ల ముందు అంచునో పక్కనో గోరంత జారుడు స్విచ్ ఉంటుంది. బ్యాగులో పెట్టేటప్పుడు జరిగిపోతుంది. దుమ్ము పట్టి, అది స్విచ్ అని కూడా తెలియదు. స్విచ్ లేని వాటిలో ఎఫ్ఎన్ మీటతో పాటు యాంటెనా బొమ్మ ఉన్న మీట నొక్కాలి.

స్విచ్చే లేని కొన్ని మోడళ్లలో కూడా హార్డ్ బ్లాక్ అని తప్పుగా చూపిస్తుంది. పాత కెర్నళ్లలో ఐడియాప్యాడ్ ల్యాప్‌టాప్ అనే మాడ్యూల్ (కెర్నల్‌లోని ఒక డ్రైవర్ ముక్క) దీనికి పేరు మోసింది. దాన్ని బ్లాక్‌లిస్ట్ చేస్తే వైఫై వస్తుంది కానీ కొన్ని ఎఫ్ఎన్ మీటలు పోతాయి. కొత్త కెర్నల్‌లో చాలా మోడళ్లకు సర్దేశారు, కాబట్టి ముందు అప్‌డేట్ చేసి చూడడం మేలు.

విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లు మాత్రం విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కొన్ని కార్డులను లినక్స్‌కు అందని స్థితిలో వదిలేస్తుంది.

అపోహ: రూటర్ పక్కన కూర్చుంటేనే సిగ్నల్ వస్తోందంటే కార్డు ముసలిదైపోయింది

దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మంచి కార్డులు ఎక్కువగా చెత్తబుట్టలో పడేది ఇక్కడే.

రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ అనే చిప్ ఉంది. పదేళ్ల కిందటి తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల్లో విపరీతంగా వచ్చింది. దాని కార్డు మీద యాంటెనా వైరు తగిలించడానికి రెండు చోట్లుంటాయి. ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఒక్క వైరే ఇచ్చి ఒకదానికే తగిలించారు. ఏ చోట వైరు ఉందో డ్రైవర్‌కు సరిగ్గా తెలియక ఖాళీ చోటు నుంచి వినడానికి చూస్తుంది. ఫలితం, రూటర్ పక్కన పెడితే నెట్ వస్తుంది, వంటింట్లోకి వెళ్తే పోతుంది. విండోస్‌లో బాగా వచ్చేది గదా అని జనం లినక్స్‌ను తిడతారు.

మందు ఒక్క వరుస. ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైల్ చేసి, అందులో ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్ అండర్‌స్కోర్ సెల్ ఈక్వల్స్ 2 అని రాయాలి. యాంట్, సెల్ అన్నవి ఏఎన్‌టీ, ఎస్ఈఎల్ అక్షరాలు. రీస్టార్ట్ చేసి చూడండి. మెరుగు పడకపోతే 2 తీసి 1 పెట్టండి. తేడాను కంటితో కాదు, అంకెతో చూడాలి: ఐడబ్ల్యూ డెవ్, ఆ తర్వాత మీ వైఫై ఇంటర్‌ఫేస్ పేరు (కార్డుకు లినక్స్ పెట్టుకున్న పేరు), ఆ తర్వాత లింక్. సిగ్నల్ మైనస్‌లో వస్తుంది. మైనస్ 50 దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 70 దాటితే నత్తనడక, మైనస్ 85 అంటే ఉన్నా లేనట్టే.

చిప్ అది కాకపోతే మూతను అనుమానించండి. ల్యాప్‌టాప్ యాంటెనా ఉండేది సాధారణంగా స్క్రీన్ చుట్టూ, దాని వైర్లు హింజ్ (మూత తిరిగే కీలు) గుండా కిందికి వస్తాయి. హింజ్ విరిగి ఎక్కడో స్క్రూలు బిగించుకొచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఆ సన్నటి వైరు నలిగి తెగిపోతుంది. స్క్రీన్ మార్పించినప్పుడు వైరు తిరిగి తగిలించకుండా వదిలేయడం కూడా ఉంది. హింజ్, స్క్రీన్, సర్వీస్ ఇందులో ఏది జరిగిన తర్వాత సిగ్నల్ పడిపోయిందో గుర్తు చేసుకుంటే డ్రైవర్ల జోలికి పోకుండానే తేలుతుంది.

సిగ్నల్ బాగానే ఉండి కొద్దిసేపటికోసారి తెగుతుంటే అది పవర్ సేవింగ్ కావచ్చు. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగ్ ఫైల్‌లో వైఫై డాట్ పవర్‌సేవ్ 3 అని ఉంటే 2 చేయండి. 2 అంటే ఆపు అని.

అపోహ: ఫోన్‌కు కనిపించే వైఫై ల్యాప్‌టాప్‌కూ కనిపించాలి

"ఫోన్ల మంచిగనే వస్తున్నది, గీ డబ్బాలనే వస్తలేదు." ఫైబర్ నెట్ వచ్చాక ఈ మాట పెరిగింది. కొత్త రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఇస్తాయి. పాత కార్డుల్లో చాలావాటికి మొదటిదే తెలుసు. దీనికి మొబైల్ 5జీకి సంబంధం లేదు, అయినా రూటర్ పేరు చివర 5జీ అని చూసి సిమ్ గురించి అడిగేవాళ్లున్నారు. ఐడబ్ల్యూ లిస్ట్ కొడితే మీ కార్డుకు తెలిసిన బ్యాండ్లు కనిపిస్తాయి. 5180తో మొదలయ్యే వరుస లేకపోతే 5 గిగాహెర్ట్జ్ రాదు, దానికి డ్రైవర్ లేదు, మందు లేదు. రూటర్‌లో 2.4ను ఆన్ చేసి వేరే పేరు పెట్టుకోండి. మన స్లాబు గోడలను దాటడంలో అదే నయం కూడా.

2.4లోనూ కనిపించలేదంటే చానల్ చూడండి. మన దేశంలో 1 నుంచి 13 దాకా వాడొచ్చు. అమెరికా లెక్కతో ఉన్న కార్డు 11 దగ్గరే ఆగుతుంది. రూటర్‌ను 1, 6, 11లలో ఏదో ఒకదానికి మార్చితే సరి. పేరు కనిపించి, పాస్‌వర్డ్ కరెక్టే అయినా మళ్లీ మళ్లీ అడుగుతోందంటే రూటర్ డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి మీద ఉందేమో చూడండి. చాలా పాత కార్డులు దాన్ని అందుకోలేవు. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని పెట్టండి.

అపోహ: వైఫై గుర్తు వచ్చి పేజీలు తెరుచుకోకపోతే అది కూడా వైఫై లోపమే

ముందు గడియారం చూడండి. పాత ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్ ఉంటుంది, మందమైన రూపాయి బిళ్లంత. అది అయిపోతే తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు (సైట్ అసలుదే అని చెప్పే పత్రాలు) మొదలు, గడువు తేదీలుంటాయి కాబట్టి 2010లో ఉన్న ల్యాప్‌టాప్‌కు అవన్నీ ఇంకా పుట్టని సర్టిఫికెట్లు. బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపి ఆగిపోతుంది. మామూలుగా నెట్ దొరకగానే లినక్స్ తేదీ సర్దుకుంటుంది, కానీ కొన్ని హాస్టల్, ఆఫీసు నెట్‌వర్క్‌లు ఆ దారిని మూసేస్తాయి. తేదీ చేత్తో మార్చి చూసి, తర్వాత సెల్ మార్పించండి. కొన్నిట్లో సెల్‌కు వైరు అంటుకుని ఉంటుంది, అలాంటిదే అడిగి తీసుకోవాలి.

తేదీ సరిగ్గానే ఉంటే పింగ్ 8.8.8.8 కొట్టండి. జవాబు వచ్చి, వెబ్‌సైట్ పేరుతో కొడితే రాకపోతే అది డీఎన్ఎస్ (సైట్ పేరును నంబరుగా మార్చే సేవ) తంటా. కార్డును విప్పకండి.

అపోహ: డిస్ట్రో మార్చితే వస్తుంది

డిస్ట్రో అంటే లినక్స్ రకం. ఉబుంటూ తీసి మింట్, మింట్ తీసి ఇంకోటి. కింద ఉన్నది దాదాపు అదే కెర్నల్ అయితే ఫలితం కూడా అదే. అనుమానం ఉంటే కొత్త కెర్నల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) ఒకసారి బూట్ చేసి చూడండి, హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే తెలుస్తుంది.

అపోహ: ఏదో ఒక డాంగిల్ గుచ్చితే అయిపోతుంది

యూఎస్‌బీలో గుచ్చే వైఫై డాంగిల్ మంచి దారే, కానీ దానిలోనూ చిప్ ఉంటుంది. మీడియాటెక్ ఎంటీ7601యూకు 2015 నాటి 4.2 కెర్నల్ నుంచే డ్రైవర్ ఉంది, 2.4 మాత్రమే పట్టినా నమ్మకమైనది. రియల్‌టెక్ 8821సీయూ, 8822బీయూ లాంటి వాటికి 2023లో వచ్చిన 6.2 కెర్నల్ దాకా బయట నుంచి తెచ్చిన డ్రైవర్‌ను డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ కట్టే పనిముట్టు) కట్టుకోవాల్సి వచ్చేది. కెర్నల్ అప్‌డేట్ అయిన రోజు హెడర్స్ (అలా కట్టడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) లేకపోతే వైఫై పోయేది. ఆ కష్టం పడేకంటే కొత్త కెర్నల్ వేసుకోవడమే తేలిక. కొన్ని డాంగిళ్లు గుచ్చగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, లోపల విండోస్ డ్రైవర్ ఉంటుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీలో 0బీడీఏ:1ఏ2బీ అని కనిపిస్తే అదే. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే అసలు రూపం బయటికి వస్తుంది.

లోపలి కార్డునే మార్చాలనుకుంటే కొనేముందు బయోస్ సంగతి తెలుసుకోండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో అనుమతించిన కార్డుల జాబితా ఉంటుంది. అందులో లేని కార్డు పెడితే బూట్ కూడా కానివ్వదు. స్లాట్ మినీ పీసీఐఈనా, ఎం.2నా అన్నది విప్పి చూశాకే తెలుస్తుంది, ఎం.2 కార్డుల యాంటెనా కొక్కేలు కూడా ఇంకా చిన్నవి. కాబట్టి దుకాణానికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు చార్జర్, ఇంట్లో రూటర్ వెనక స్టిక్కర్ ఫొటో తీసుకురండి. ఫోన్‌లో అడిగేవాళ్లు ఎల్ఎస్‌పీసీఐ, ఆర్‌ఎఫ్‌కిల్ రెండూ కొట్టిన స్క్రీన్ ఫొటో పంపండి, మోడల్ నంబర్ తర్వాత చూద్దాం.