బస్తీల మధ్య లాటరీ వేసిన ఆర్థికవేత్త

చిరంజీవులకు ఆశీస్సులు.

అర్థశాస్త్రం అంటే బడ్జెట్ లెక్కలేనని విసుక్కుంటారు కదా, అందుకే అభిజిత్ బెనర్జీ గురించి రాస్తున్నాను. కోల్‌కతాలో పెరిగి, జేఎన్‌యూలో ఎంఏ చేసి, అమెరికాలోని ఎంఐటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. 2019లో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్ అనే ఆర్థికవేత్తలతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఆయన, డఫ్లో, మరో ఇద్దరు కలిసి మన హైదరాబాద్ బస్తీల్లో చేసిన ఒక్క అధ్యయనం చూస్తే పని తీరు అర్థమవుతుంది.

స్పందన అనే సంస్థ ఆడవాళ్లకు గ్రూపు లోన్లు ఇచ్చేది. ఆరు నుంచి పదిమంది ఒక గ్రూపు. ఒకరు ఎగ్గొడితే భారం మిగతావాళ్ల మీద. మొదటి లోను పదివేలు, 50 వారాల కిస్తీలు. వడ్డీ 12 శాతమే అనేవారు. కానీ అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే వేసేవారు, కాబట్టి నిజంగా పడేది దాదాపు 24 శాతం. లోను కాగితం ఎక్కడ చూసినా ముందు ఈ మెలిక వెతకండి.

ఈ లోన్లతో బతుకులు మారతాయా? తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ పోలిస్తే లెక్క తప్పుతుంది. చొరవ ఉన్న మనిషే ముందుగా లోనుకు వెళ్తుంది. రేపు ఆమె కొట్టు బాగా నడిస్తే అది లోను గొప్పా, ఆమె గొప్పా? అందుకని 104 బస్తీలు తీసుకుని, ఒకే తీరున్నవాటిని జతలు కట్టి, జతకొకటి చొప్పున లాటరీ తీశారు. ఆ 52 చోట్ల స్పందన శాఖలు తెరిచింది. ఏడాది దాటాక రెండు వైపులా కలిపి ఆరువేలకు పైగా ఇళ్లలో సర్వే చేశారు. లోను తీసుకోని ఇళ్లు కూడా లెక్కలోనే. వాటిని వదిలేస్తే మళ్లీ చొరవ ఉన్నవాళ్లే మిగులుతారు, లాటరీ వేసిందంతా వృథా.

శాఖలున్న బస్తీల్లో మైక్రోఫైనాన్స్ లోను, అంటే ఇలాంటి చిన్న లోను, ఉన్న ఇళ్లు 27 శాతం, లేనిచోట 18. అక్కడ వేరే సంస్థలు ఇచ్చాయి మరి! తేడా ఇంత సన్నగా ఉంటే వందో రెండొందలో ఇళ్లు అడిగి తేల్చలేరు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. పొగాకు, పాన్, బయటి తిండి ఖర్చు తగ్గింది. మొత్తం ఇంటి ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు.

 

డఫ్లోతో కలిసి ఆయన ఆన్‌లైన్‌లోనూ పాఠాలు చెప్పారు. ఎంఐటీ మైక్రోమాస్టర్స్ అనే ఆ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడానికి డిగ్రీ అక్కర్లేదు. అందులో నెగ్గినవాళ్లు అక్కడి మాస్టర్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మీలో ఎవరికైనా ఆ ఉద్దేశం ఉంటే ప్రాబబిలిటీ ఇప్పుడే గట్టిగా చదవండి. కష్టమంతా అక్కడే.

మీ మాస్టారు